వేదిక మీద ఎవరున్నారో చెప్పండి

1958 జులైలో అమెరికాలోని న్యూపోర్ట్‌లో జరిగిన జాజ్ ఫెస్టివల్‌ని బర్ట్ స్టెర్న్ అనే ఫొటోగ్రాఫర్ సినిమాగా తీశాడు. దాని పేరు 'జాజ్ ఆన్ ఎ సమ్మర్స్ డే'. అందులో థెలోనియస్ మంక్ పియానో మొదలుపెట్టే ముందు విల్లిస్ కనోవర్ అనే వ్యాఖ్యాత ఆయన్ని పరిచయం చేస్తాడు. నిమిషం కూడా పట్టదు. జాజ్ కచేరీకి వచ్చినవాళ్లకి కళాకారుల్ని ఎలా పరిచయం చెయ్యాలని ఎవరైనా అడిగితే, ముందు ఆ ముక్క చూడమంటాను.

కనోవర్ మాటల సారం ఇది. ఈయన తన సంగీతంలోనే బతికే మనిషి, ఎప్పుడూ దాని గురించే ఆలోచించే మనిషి. సాహసి అందామంటే అదీ కుదరదు, ఎందుకంటే ఎవరు కాదన్నా ఆయనకు పట్టదు. పాశ్చాత్య స్వరాల వరసలో లేని పావు స్వరం ఈయనకు కావాలి. పియానో మీద అది దొరకదు. అందుకని పక్కపక్కనున్న రెండు మెట్లను ఒకేసారి నొక్కి, వాటి మధ్య లేని స్వరాన్ని మనకి స్ఫురింపజేస్తాడు.

ఇంతే చెప్పి తప్పుకుంటాడు. తర్వాత మంక్ 'బ్లూ మంక్' వాయిస్తాడు. కనోవర్ మాటలు వినకుండా ఆ పాట వింటే, కొత్తవాళ్లకి ఆయన వేలు జారి రెండు మెట్ల మీద పడిందనిపిస్తుంది. ఆ మాటలు విన్నాక వింటే ఆ రాపిడి కోసమే చెవి ఎదురుచూస్తుంది. మన తెలుగు చెవికైతే ఈ సంగతి ఇంకా త్వరగా అందుతుంది. వీణ మీద తీగ లాగి రెండు స్వరాల మధ్య దారంతా చూపించడం మనం చిన్నప్పటినుంచీ వింటున్నదే. హార్మోనియం మీద గమకం పలకదన్న అభ్యంతరం బలంగా ఉండబట్టే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా ఆ వాద్యాన్ని దూరం పెట్టింది. పియానోదీ అదే ఇబ్బంది. ఆ ఇబ్బందితో కుస్తీ పడుతున్న మనిషిగా మంక్‌ని చూపించాడు కనోవర్. అప్పటికి మంక్‌కి నలభై ఏళ్లు. ఆయన వాయించడమే సరిగ్గా రాదనుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్న రోజులవి.

(ఆ సినిమాలో నన్ను బాధపెట్టేదీ అక్కడే ఉంది. పాట నడుస్తుండగా తెర మీదకి పడవ పందేలు వస్తాయి, వాటి వ్యాఖ్యానం మంక్ పియానో మీద పడుతుంది. అంత చక్కగా చెవులు తెరిపించి, వెంటనే వాటిలో వేరే మాటలు నింపారు.)

నా వాదన చిన్నది. పరిచయం చేసేవాళ్లు రెండు పనులు చెయ్యాలి: ఏం వినాలో ఒక్క సంగతి చెప్పాలి, వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరి పేరూ చెప్పాలి. మిగతావన్నీ కరపత్రంలో వేసుకోవచ్చు. జాజ్ ఫెస్టివల్లో ఈ రెండు పనులూ సంగీతంలో భాగమేనని నా నమ్మకం.

మన దగ్గర జరుగుతున్నదేంటో చూడండి. హైదరాబాద్‌లో అప్పుడప్పుడూ జాజ్ కచేరీలు జరుగుతుంటాయి, వీలైనప్పుడల్లా వెళ్తుంటాను. ఒకసారి నలుగురి బృందం వచ్చింది. వ్యాఖ్యానం చేసినావిడ గొంతు బాగుంది, ఉచ్చారణ బాగుంది. కానీ ఆవిడ చేతికిచ్చిన కాగితం నిండా బయోడేటా. నాయకుడు ఎన్ని దేశాల్లో వాయించాడు, ఏ కాలేజీలో చదివాడు, ఏ అవార్డులొచ్చాయి. ఆ తర్వాత స్పాన్సర్ల పేర్లు, అతిథులకు శాలువాలు. వాయించింది నలుగురైతే ఆవిడ నోట వచ్చింది ఒక్క పేరే. డ్రమ్స్ వాయించిన కుర్రాడు బ్రష్‌లతో చేసిన పని ఆ రాత్రంతా నా చెవుల్లో ఉండిపోయింది. అతని పేరు తెలుసుకోవడానికి కచేరీ అయ్యాక వేదిక వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ఇది ఆవిడ తప్పని నేననను, ఆ కాగితం తయారుచేసినవాళ్లు ఆలోచించాల్సిన విషయం.

ఎంతో కాలంగా ఈ క్రమశిక్షణ ఉన్నవాళ్లం మనం. ఆకాశవాణిలో కచేరీ వస్తే గాత్రం ఎవరిది, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు అని చెప్పాకే పాట. కీర్తన ఎవరిది, ఏ రాగం, ఏ తాళం అన్నీ వస్తాయి. పొగడ్త ఒక్కటీ ఉండదు. అనౌన్సర్ గొంతు ఆగేసరికి మనం వినడానికి సిద్ధమైపోతాం. రాగం పేరు వినగానే తెలిసినవాళ్లు ఆ దారిలో చెవి పెట్టుకునేవాళ్లు, తెలియనివాళ్లు తెలుసుకునేవాళ్లు. రేడియో ముందు కూర్చుని వందల రాగాల పేర్లు నేర్చుకున్నవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు.

జాజ్‌లో ఇది ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకో చెబుతాను. జాజ్‌లో పాట చాలాసార్లు చిన్నది, పన్నెండు బార్లో ముప్ఫై రెండు బార్లో ఉంటుంది (బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది). ముందు ఆ వరస ఒకసారి వాయిస్తారు. తర్వాత అదే చట్రం మీద ఒక్కొక్కరూ వంతులవారీగా తమ మనోధర్మం చూపిస్తారు. చివర్లో మళ్లీ వరస దగ్గరికి వస్తారు. వినదగ్గ విషయమంతా మధ్యలో జరుగుతుంది, అదంతా ఆ రోజు ఆ వేదిక మీదున్న మనుషులది. మంద్రస్థాయిలో నడిచే బాస్ అనే తీగ వాద్యం వాయించే మనిషి, అంటే బాసిస్టు, మారితే పాట మారిపోతుంది. అంటే ఎవరు వాయిస్తున్నారన్నదే ఏం వాయిస్తున్నారన్న ప్రశ్నకి సగం జవాబు. మనుషుల పేర్లు చెప్పకపోతే రాగం పేరు దాచిపెట్టి ఆలాపన వినిపించినట్టే.

పైగా ఇది ఫెస్టివల్. క్లబ్బుకి వెళ్లేవాడు తనకి తెలిసినవాళ్లని వినడానికి వెళ్తాడు. ఫెస్టివల్‌కి వచ్చేవాడు ఒక పెద్ద పేరు చూసి టికెట్ కొని, అంతకుముందు నలుగురైదుగురు తెలియనివాళ్లని కూడా వింటాడు. ఆ తెలియనివాళ్లు గుర్తుండిపోవాలా, పెద్దాయన వచ్చేదాకా సమోసా తింటూ గడిపే సమయంగా మిగిలిపోవాలా అన్నది చాలావరకు ఆ మొదటి నిమిషంలో తేలిపోతుంది.

అదే 1958 న్యూపోర్ట్‌లో ఇంకో మనిషి ఉన్నాడు. పేరు హెన్రీ గ్రైమ్స్. ఫిలడెల్ఫియా కుర్రాడు, ఇరవై రెండేళ్లు, డబుల్ బాస్ వాయిస్తాడు. అతని వాయిద్యం సంగతి కళాకారుల మధ్య పాకిపోయి, ఆ వారాంతంలో ఏకంగా ఆరు బృందాలతో వాయించాడు: బెన్నీ గుడ్‌మన్, లీ కోనిట్జ్, మంక్, జెర్రీ మల్లిగన్, సోనీ రోలిన్స్, టోనీ స్కాట్. ఈ ఆరుగురి సంగీతం ఒకదానికొకటి పోలిక లేనిది. గుడ్‌మన్ స్వింగ్ అనే పాతకాలపు డాన్స్ జాజ్‌కి రాజు, రోలిన్స్ అప్పటి కొత్త తరం. వాళ్లందరి వెనకా నిలబడి మోసింది ఆ ఒక్క కుర్రాడే. మంక్ పక్కన డ్రమ్స్ మీద రాయ్ హేన్స్. ఆయన 2024లో తొంభై తొమ్మిదేళ్ల వయసులో పోయాడు, పోయేనాటికి జాజ్ లోకమంతా ఆయన్ని పెద్దదిక్కుగా చూసింది. గ్రైమ్స్ కథ వేరు. 1960ల చివర్లో కాలిఫోర్నియా వెళ్లాడు, చేతిలో డబ్బుల్లేక బాస్ అమ్ముకున్నాడు, ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. చనిపోయాడని కూడా అనుకున్నారు. 2002లో ఒక అభిమాని వెతికి వెతికి లాస్ ఏంజెలస్‌లో పట్టుకునేసరికి, చిన్న గదిలో ఉంటూ దొరికిన పని చేసుకుంటూ కవిత్వం రాసుకుంటున్నాడు. దగ్గర వాయిద్యం లేదు. విలియం పార్కర్ అనే మరో బాసిస్టు తన బాస్ ఒకటి పంపించాడు. మరుసటి సంవత్సరమే న్యూయార్క్ విజన్ ఫెస్టివల్‌లో గ్రైమ్స్ మళ్లీ వేదికెక్కాడు. ఆ తర్వాత పదిహేడేళ్లు బతికి, 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో పోయాడు.

ఎవరో మైకులో పేరు చెప్పి ఉంటే గ్రైమ్స్ మాయమయ్యేవాడు కాదని నేననను. బతుకు అంత తేలిక కాదు. నేననేది న్యూపోర్ట్‌లో కూర్చున్న ప్రేక్షకుల గురించి. నిన్న గుడ్‌మన్ వెనక చూసిన కుర్రాణ్నే ఇవాళ మంక్ వెనక చూస్తున్నారు. "ఇతన్ని గమనించండి, ఈ వారాంతంలో అందరూ ఇతన్నే పిలుస్తున్నారు" అని ఒక్క మాట వింటే, పియానో కింద నడుస్తున్న ఆ మంద్రస్థాయిలోకి ఎన్ని వందల చెవులు దిగి ఉండేవో. బాస్ వినడం చాలామందికి ఎవరైనా చూపిస్తేనే వస్తుంది. నాకూ అలాగే వచ్చింది.

కనోవర్‌కి ఈ విద్య ఎక్కడ అబ్బిందో చూస్తే ఆశ్చర్యం ఉండదు. 1955 నుంచి 1996లో చనిపోయేదాకా ఆయన వాయిస్ ఆఫ్ అమెరికా అనే అమెరికా ప్రభుత్వ రేడియోలో జాజ్ కార్యక్రమం నడిపాడు. షార్ట్‌వేవ్‌లో ప్రపంచమంతా వినేది. వినేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు సరిగ్గా రాదు కాబట్టి మెల్లగా, విడమరిచి, చిన్న మాటల్లో మాట్లాడేవాడు. సోవియట్ కూటమి దేశాల్లో ఎందరో కుర్రాళ్లు ఆయన గొంతు వినే జాజ్‌తో పాటు ఇంగ్లీషూ నేర్చుకున్నారు. 1959లో పోలండ్ వెళ్తే విమానాశ్రయంలో జనం గుమిగూడారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ప్రసారాలు సొంత దేశంలో వినిపించకూడదు, కాబట్టి అక్కడ ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఎదుటివాడికి ఏమీ తెలియదని చులకన చెయ్యకుండా, అన్నీ తెలుసని వదిలెయ్యకుండా మాట్లాడటం ఆయన రోజూ చేసిన పని.

కళాకారులే ఈ పని చేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. నాకు ఎక్కువ ఇష్టమైనది కానన్‌బాల్ ఆడర్లీ. ఆల్టో శాక్సఫోన్ వాయించేవాడు. న్యూయార్క్ రాకముందు ఫ్లోరిడాలో బడిపిల్లలకి బ్యాండ్ నేర్పిన మేష్టారు. ఆ మేష్టారితనం చివరిదాకా పోలేదు. 1959లో శాన్ ఫ్రాన్సిస్కోలో రికార్డయిన కచేరీలో 'దిస్ హియర్' అనే పాట ముందు ఆయన మాటలు వినండి. ఇది మూడు దెబ్బల నడక, జాజ్ వాల్ట్జ్ అంటాడు. దీని వేళ్లు చర్చి పాటల్లో ఉన్నాయంటాడు. రాసింది మన పియానిస్టు బాబీ టిమ్మన్స్ అంటాడు. తిశ్రం తెలిసిన మనలాంటివాళ్లం ఆ మాట వినగానే తొడ మీద తాళం మొదలుపెట్టేస్తాం. హాల్లో ఉన్నవాళ్ల చప్పట్లు కూడా ఆ నడకలో కలిసిపోతాయి. 1966లో 'మెర్సీ, మెర్సీ, మెర్సీ' ముందు ఇంకో రకంగా మాట్లాడాడు. కష్టం మీద పడ్డప్పుడు మనకి ఏం చెయ్యాలో తోచదు, మా పియానిస్టు జో జావినుల్ దగ్గర ఒక సలహా దొరికింది, ఈ పాట రాసింది ఆయనే, అలాంటప్పుడు మన నోట్లోంచి ఏం వస్తుందో అదే దీని పేరు అన్నాడు. సంగీతం గురించి ఒక్క సాంకేతిక పదం లేదు. అయినా పియానిస్టు పేరు వచ్చింది, రాసింది ఎవరో వచ్చింది, పాట ఏ మనఃస్థితిలో వినాలో వచ్చింది. ఆ పాట అమెరికాలో సామాన్య జనంలోకి వెళ్లిపోయింది. అందులో ఆ మాటల వాటా కూడా ఉందని నేననుకుంటాను.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు ట్రంపెట్ వాయించిన మైల్స్ డేవిస్ పేరు తెస్తారు. తేవాలి కూడా, చిన్న అభ్యంతరం కాదది. మైల్స్ వేదిక మీద పాట పేరు చెప్పేవాడు కాదు, బృందాన్ని పరిచయం చేసేవాడు కాదు. నల్లజాతి కళాకారుడంటే నవ్వుతూ, జోకులు వేస్తూ తెల్లవాళ్లని అలరించాలని ఎదురుచూసిన దేశంలో ఆ మౌనం ఒక ఆత్మగౌరవ ప్రకటన. నేను సంగీతకారుణ్ని, వినండి, అంతే. ఆ వైఖరి మీద నాకు పూర్తి గౌరవం ఉంది. కళాకారుడు మాట్లాడి తీరాలని నేను ఎప్పుడూ అనను.

కానీ మైల్స్ మౌనంగా ఉండగలిగాడంటే ఇంకొకరు మాట్లాడారు కాబట్టి. 1964 ఫిబ్రవరి 12న న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ హాల్లో ఆయన కచేరీ జరిగింది. మిసిసిపీ, లూయిసియానాల్లో నల్లజాతివాళ్ల ఓటరు నమోదు కోసం విరాళాలు పోగుచేసిన కచేరీ అది. ఆ రికార్డింగ్ మోర్ట్ ఫెగా అనే రేడియో వ్యాఖ్యాత పరిచయంతో మొదలవుతుంది. డ్రమ్స్ మీద టోనీ విలియమ్స్, వయసు పద్దెనిమిది. పియానో మీద హెర్బీ హాన్‌కాక్, బాస్ మీద రాన్ కార్టర్, టెనర్ శాక్సఫోన్ మీద జార్జ్ కోల్‌మన్. కళాకారుడు మౌనంగా ఉంటానంటే నిర్వాహకుల బాధ్యత పెరుగుతుందే కానీ తగ్గదు.

పరిచయం చేసేవాడి చేతిలో ఎంత అధికారం ఉంటుందో తెలియాలంటే పీ వీ మార్కెట్ అనే మనిషి గురించి చదవాలి. న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్బులో వ్యాఖ్యాత. తన చేతిలో డబ్బులు పెట్టని వాద్యకారుల పేర్లని మైకులో కావాలనే తప్పు పలికేవాడని ఎంతోమంది చెప్పారు. రాత్రంతా వాయించి బతికే మనిషికి ఆ పేరే ఆస్తి, దాన్ని చెడగొడతానని బెదిరించి డబ్బు గుంజడం నాకు చాలా నీచంగా అనిపిస్తుంది. అయితే అదే మార్కెట్, 1954 ఫిబ్రవరి 21న డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బృందం రికార్డింగ్ రోజున తన పని చక్కగా చేశాడు. ట్రంపెట్ క్లిఫర్డ్ బ్రౌన్, పియానో హోరెస్ సిల్వర్, ఆల్టో శాక్సఫోన్ లూ డొనాల్డ్‌సన్, బాస్ కర్లీ రసెల్ అని అందరి పేర్లూ చెప్పి, ఎవరి వంతు నచ్చినప్పుడు వాళ్లకి చప్పట్లు కొట్టండి, మీ చప్పట్లు కూడా రికార్డు మీదకి ఎక్కుతాయన్నాడు. హాల్లో ఉన్నవాళ్లు కూడా సంగీతంలో భాగమేనని ఆ ఒక్క మాటతో అర్థమైంది. మన ఊళ్లలో జాజ్ కచేరీకి కొత్తగా వచ్చినవాళ్లకి పాట మధ్యలో చప్పట్లు కొట్టొచ్చా, కొడితే తప్పా అని టెన్షన్. ఒక్కొక్కరి వంతు, అంటే సోలో, అయ్యాక కొట్టొచ్చండీ అని ముందే చెబితే ఆ ఇబ్బంది ఉండదు. క్లిఫర్డ్ బ్రౌన్ ఆ తర్వాత రెండేళ్లకే, ఇరవై అయిదేళ్ల వయసులో కారు ప్రమాదంలో పోయాడు. ఆ రాత్రి ఆ పేరు స్పష్టంగా వినబడినందుకు నాకు సంతోషం.

ఇప్పుడు మన పాలకొల్లు పిల్లవాడి సంగతి. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఫెస్టివల్లో ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ కచేరీ చేశాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడు. జనం వదల్లేదు, ఇంకా వాయించమన్నారు, ఇంకో గంట వాయించాడు. జాజ్ వినడానికి వచ్చిన జర్మన్లకి కర్ణాటక సంగీతం, అదీ విద్యుత్ మాండలిన్ మీద. ఆ పిల్లవాణ్ని వాళ్లకి పరిచయం చేసే అవకాశం నాకొచ్చి ఉంటే ఏం చెప్పేవాణ్నా అని చాలాసార్లు ఆలోచించాను. బాలమేధావి అనేవాణ్ని కాదు. పద్నాలుగేళ్ల ముఖం చూస్తే అది ఎవరికైనా తెలుస్తుంది. తొమ్మిదేళ్ల వయసులో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేశాడని కూడా చెప్పేవాణ్ని కాదు. ఈ అబ్బాయి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు, ఆయన పాడేవారు, ఈ అబ్బాయి ఆ పాటని తీగల మీదకి తెచ్చుకునేవాడు అని చెప్పేవాణ్ని. అందుకే మీరు వినబోయేది గొంతు, మాండలిన్ అనుకోకండి. ఒక్కో స్వరం ఎలా ఊగుతుందో, ఎక్కడ సాగుతుందో వినండి. పక్కనున్న మృదంగం వెనక ఉండే వాద్యం కాదు, చివర్లో దానికి సొంత వంతు వస్తుంది, మీ డ్రమ్ సోలోలాగే. ఇంత చెప్పి, వయొలిన్, మృదంగం వాయించేవాళ్ల పేర్లు చెప్పి దిగిపోయేవాణ్ని.

ఆ శ్రీనివాసే తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌లతో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు. తెలుగువాళ్లలో జాజ్ అంటే మనది కాదనుకునేవాళ్లకి నేను ముందు చెప్పే పేరు ఇదే.

పెద్ద ఫెస్టివల్స్ ఈ పని మీద డబ్బూ స్థలమూ పెడుతున్నాయి. న్యూ ఆర్లియన్స్ జాజ్ అండ్ హెరిటేజ్ ఫెస్టివల్లో అచ్చంగా కళాకారులతో మాట్లాడించడానికే ఆలిసన్ మైనర్ పేరు మీద ఒక వేదిక ఉంది. అక్కడ కళాకారులు కూర్చుని తమ గురువుల గురించి, ఊళ్ల గురించి, వాయిద్యాల గురించి చెబుతారు. వింటున్నవాళ్లు ఆ తర్వాత కచేరీకి వెళ్తారు. మన దగ్గర అంత అక్కర్లేదు. కచేరీకి ముందు పదిహేను నిమిషాలు, రెండు కుర్చీలు, ఒక మైకు చాలు.

ఇక నిర్వాహకులకు నా విన్నపం. మైకు ఎవరికిస్తారో వారం ముందే చెప్పండి. వాళ్లని సౌండ్ చెక్‌కి రమ్మనండి. అక్కడ ఖాళీ హాల్లో బృందం వాయిస్తుంటే, ఏం చెప్పాలో వెబ్‌సైట్ చూస్తే తెలిసేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మీ పేరు ఎలా పలకాలని అడిగి, తెలుగులో రాసుకోమనండి. గోవా పేరైనా, నాగాలాండ్ పేరైనా, నార్వే పేరైనా తెలుగు లిపిలో రాసుకుంటే నోరు తడబడదు. బాసిస్టునీ డ్రమ్మర్నీ ముందు అడగమనండి, నాయకుడి పేరు ఎలాగూ పోస్టర్ మీద ఉంటుంది. స్పాన్సర్ల పేర్లు విరామంలో చదవండి, శాలువాలు చివర్లో కప్పండి. ఆఖరి పాట నడుస్తుండగా మళ్లీ ఒకసారి అందరి పేర్లూ చెప్పండి. మొదట్లో విన్నప్పుడు ఎవరు ఎవరో ప్రేక్షకులకి తెలియదు. రెండు గంటలు విన్నాక ఎవరి పేరుకి ఎంత గట్టిగా చప్పట్లు కొట్టాలో వాళ్లకే తెలుస్తుంది.